డ్రైవరు నేరం ఒప్పుకున్నాడు

పుస్తకం ముట్టని మొగుడికి పుస్తకాల పిచ్చి ఉన్న పెళ్ళాం దొరికితే ఏమవుతుంది? పుస్తకాలైనా పొయ్యిలోకి పోతాయి, మొగుడైనా వినడం నేర్చుకుంటాడు. మన సిటీబస్సు డ్రైవరు వినడం నేర్చుకున్న రకం. పొద్దస్తమానం హారన్ల మధ్య బతికినవాడికి ఒక మనిషి నెమ్మదిగా కథ చెబుతుంటే వినడం ఎంత హాయో, చెబితే మీరు నమ్మరు.

ఆవిడ లైబ్రరీలో పనిచేసేది. గురువారం సాయంత్రం అక్కడ పాఠకులు చేరి చదివిన నవల గురించి తలా ఒక మాట చెప్పేవాళ్ళు. హత్య కథ అయితే ఆవిడది ఒక రూలు. చివరి అధ్యాయం ఎవరూ తెరవకూడదు. హంతకుడెవరో చెప్పాలి, ఎందుకు చంపాడో కూడా చెప్పాలి. ఎందుకో చెప్పలేనివాడి మాట చెల్లదు. అందుకే డ్రైవరు ఆవిణ్ణి జడ్జిగారూ అని పిలిచేవాడు. డ్యూటీ దిగి, డీజిల్ వాసనతో వచ్చి, వెనక బెంచీ మీద కూర్చుని, ఆవిణ్ణి ఇంటికి తీసుకెళ్ళేవాడు.

ఎక్కువమందికి బాగా నచ్చింది ఒక పాత ఇంగ్లీషు నవల. ఇంగ్లండులో ఒక పల్లె, ఒక చర్చి, నాలుగు పెద్ద ఇళ్ళు. మంచాన పడ్డ ఆస్తిపరురాలికి ఎవరో వేడిపాలల్లో విషం కలిపి ఇచ్చారు. ఆ నవల మీద గొడవ గొడవ. మందులషాపాయన, డాక్టరే చంపాడన్నాడు. రిటైరైన పోస్ట్‌మాన్, ఊరు ఊరంతా పనీపాటా లేకుండా టీలు తాగుతూ కూర్చుంటే హత్యలు కాక ఇంకేం అవుతాయన్నాడు. టైపిస్టు అమ్మాయి మాత్రం పుస్తకం విసిరికొట్టినంత పని చేసింది. “మధ్యలో పనిపిల్ల కూడా చచ్చిపోయిందిగా. దానికోసం ఒక్కరు ఏడ్చారా? నాకీ నవల నచ్చలేదు,” అంది. వెనకనుంచి డ్రైవరు కూడా తన ముక్క వేశాడు. “ఆ ఊరికి బస్సు లేదేమో. ఉంటే డ్రైవరుని అడిగితే పోయేది. ఎవరు ఎక్కడ దిగారో వాడికి తెలీదా?” అందరూ నవ్వారు. జడ్జిగారు కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

అలా నవ్విన మనిషికే మతిమరుపు జబ్బు వచ్చింది. దేవుడికి కళ్ళున్నాయా అని అడగాలనిపిస్తుంది నాకు.

మొదట తాళాలు మర్చిపోయింది, తర్వాత వీధులు, తర్వాత మనుషులు. పుస్తకాలు కూడా ఒక్కొక్కటే జారిపోయాయి. ఆ ఇంగ్లీషు నవల ఒక్కటే మిగిలింది. చదివినది గుర్తుండదు కాబట్టి మళ్ళీ మొదలుపెట్టేది. అప్పటికి డ్రైవరు రిటైరయ్యాడు. గురువారం మనుషులందరి బదులూ తనే ఎదురుగా కూర్చుని, “చెప్పండి జడ్జిగారూ, ఈసారి ఎవరు?” అని అడిగేవాడు. ఒకసారి డాక్టరు అనేది, ఒకసారి తోటమాలి అనేది. అసలు హంతకురాలు చర్చి ఫాదరు చెల్లెలని డ్రైవరుకి కంఠతా వచ్చు. ఒక్కనాడూ నోరు జారలేదు. నిజం చెప్పాలంటే అవి ఇద్దరికీ మంచి రోజులే.

తర్వాత ఆవిడ మాత్రలు ఉమ్మేయడం మొదలుపెట్టింది. ఏం చేస్తాడు? వాటిని చెంచాతో నూరి పాలల్లో కలిపి ఇచ్చాడు. ఒకరోజు వంటింటి గుమ్మంలో నిలబడి ఆవిడ అది చూసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే.

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్ళింది. మంచం మీద కూర్చుని నవల ఒళ్ళో పెట్టుకుంది. పాలగ్లాసు తెచ్చి అందించబోతే, మొగుడి మొహంలోకి చూసి నెమ్మదిగా, “ఇన్నాళ్ళూ తోటమాలి అనుకున్నాను. పాపం వాడిది ఏం తప్పు లేదు. మీరే,” అంది.

మీరే. హంతకుణ్ణి కూడా మర్యాదగా పిలిచే మనిషి ఆవిడ.

ఆనాటినుంచి ఆవిడ ఆ ఇంట్లో వండినది నోట పెట్టలేదు. ముందు తను తాగి చూపించాడు. “అదంతా పాత ఎత్తు,” అంది. తన చెల్లెల్ని పిలిపించాడు. ఆడబిడ్డ అంటే ఆవిడకి ప్రాణమే, కానీ, “నువ్వు మంచిదానివే అమ్మాయ్. వంటిల్లు ఆయనది,” అని పెదాలు బిగించింది. పుస్తకం దాచి చూశాడు. సాక్ష్యం మాయం చేస్తున్నారని గోడకి తల కొట్టుకుంది. తెచ్చి ఇచ్చేశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

దవడలు లోపలికి పోయాయి. నీళ్ళు మాత్రం కుళాయి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళి దోసిలితో తాగేది. డాక్టరు వచ్చి చూసి, ఇలాగే ఉంటే ఆసుపత్రిలో ముక్కులో గొట్టం వేయాల్సి వస్తుందని, పీకేయకుండా చేతులు మంచానికి కట్టాల్సి వస్తుందని చెప్పాడు. చేతులు కట్టడం మాత్రం వద్దన్నాడు డ్రైవరు.

చూడ్డానికి మందులషాపాయన వచ్చాడు. ఆవిడ అతన్ని గుర్తుపట్టలేదు గానీ, కూర్చోబెట్టి కేసంతా విడమరిచి చెప్పింది. పాలు ఎవరు కాస్తారు, చెంచా ఎక్కడ దొరికింది, మాత్రలు ఏ అరలో ఉంటాయి, అన్నీ. ఏడాదిగా ఆవిడ నోట అంత సవ్యమైన మాట ఎవరూ వినలేదు. ఆయన వాకిట్లోకి వచ్చి చెప్పులు వేసుకుంటూ, “ఏమనుకోకండి. ఆవిడ చెప్పినదాంట్లో నాకెక్కడా తప్పు దొరకలేదు,” అన్నాడు.

“నాకు మాత్రం దొరికిందా?” అన్నాడు డ్రైవరు.

“ఇలాంటి నవల చదివేవాళ్ళకి సాక్ష్యాలు ఎన్నున్నా చాలవండీ. వాడు ఒప్పుకోవాలి. అప్పుడుగానీ పుస్తకం మూయరు.”

అతను మామూలుగా అన్న మాటే. వెళ్ళిపోయాడు కూడా. డ్రైవరు మాత్రం ఆ మాట పట్టుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి చెల్లెల్ని పిలిచి గుమ్మంలో నిలబెట్టి, తను మంచం ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“జడ్జిగారూ. నేనే. పాలల్లో కలిపింది నేనే.”

ఆవిడ తల ఎత్తింది. మొహంలో భయం లేదు. లెక్క తేలినవాళ్ళ మొహంలా ఉంది.

“ఎందుకు?”

ఇది అతను ఆలోచించుకోలేదు. ఆ నవలలో ఉన్న ఆస్తి సంగతి చెప్పొచ్చు. అబద్ధం ఆడాలనుకున్నవాడికి ఎన్ని దొరకవు? కానీ నోరు తెరిస్తే వచ్చింది వేరు.

“అలిసిపోయాను,” అన్నాడు.

గుమ్మంలో చెల్లెలు, “అన్నయ్యా,” అంది. అతనికి వినిపించలేదు. “పొద్దున్నే లేవగానే, నువ్వు ఇక లేవకపోతే బాగుండుననిపిస్తోంది. ఒక్కోరోజు చెంచాతో నూరుతూ, ఇంకో రెండు వేస్తే అనుకున్నాను. వేయలేదు. అనుకోవడం మాత్రం అనుకున్నాను,” అన్నాడు. నేరం ఒప్పుకున్నట్టు నటించడానికి వచ్చిన మనిషి నిజంగానే ఒప్పుకుని నిలబడ్డాడు. ఇంత నిజం తన కడుపులో ఉందని అతనికే తెలియదు, వెధవ బతుకు.

ఆవిడ తల ఊపింది. “నమ్మొచ్చు,” అంది. పుస్తకం మూసి పక్కన పెట్టింది. “తీసుకెళ్ళండి ఆయన్ని.”

తీసుకెళ్ళడానికి ఎవరున్నారు? అతనే తన చొక్కాలు సంచిలో కుక్కుకుని పెరటి గదిలోకి వెళ్ళిపోయాడు. గంట తిరగకముందే చెల్లెలు గిన్నెడు జావ తాగించింది. మాత్రలు ఎదురుగా చూపించి ఇస్తే మారుమాట లేకుండా మింగింది. చెల్లెలు పెరట్లోకి పరుగెత్తుకొచ్చి, “తాగింది అన్నయ్యా, అంతా తాగింది,” అని ఏడ్చింది. అతనూ ఏడ్చాడు.

ఆవిడ తేరుకుంది. ఒళ్ళు చేసింది. ఇక కోపం పోయుంటుందని అతను రెండుసార్లు లోపలికి వెళ్ళి చూశాడు. అతన్ని చూడగానే ఆవిడ గిన్నె పక్కన పెట్టేసి, చెల్లెలి వెనక్కి జరిగి కూర్చుంది. మళ్ళీ వెళ్ళలేదు. ఆవిడకి భర్త మీద కోపమేమీ లేదు, అదీ తమాషా. హంతకుడు ఒకడు దొరికిపోయాడు. భర్త వేరే. ఆయన డ్యూటీకి వెళ్ళాడు, ఇంకా రాలేదు.

“ఈ మధ్య ఈయన బొత్తిగా ఆలస్యం చేస్తున్నారు,” అనేది చెల్లెలితో.

“లాంగ్ ట్రిప్పు వేశారు వదినా,” అనేది చెల్లెలు.

ఆ మాటలు కిటికీలోంచి పెరటి గదిలోకి వినిపించేవి. అతను చొక్కా గుండీలు పెట్టుకుని సిద్ధంగా కూర్చునేవాడు. ఎందుకు కూర్చునేవాడో అతన్నే అడగాలి.

చెల్లెలు గిన్నె నోటికి అందిస్తే ఆవిడ సగం తిని, చాలనేది. ఇంకా ఆకలేస్తున్నా సరే, చేత్తో గిన్నె నెట్టేసి, “మిగిలింది మూతపెట్టి ఉంచు. పాపం, ఆయన ఆకలితో వస్తారు,” అనేది.

చెల్లెలు ఆ గిన్నె పెరటి గదిలోకి తెచ్చేది. డ్రైవరు తినేవాడు.