మీట మీద నా చెయ్యి

నా మేనకోడలి గురించి ఎన్ని పేజీలైనా రాయగలను. కానీ ముందు నా తప్పు రాయాలి. ఇన్నాళ్లూ దాన్ని దాటేసి మిగతాదంతా గొప్పగా చెప్పుకుంటూ వచ్చాను.

నేను చదివింది ఊరి బడిలో ఏడో తరగతి. ఆ చదువుతోనే నూలు మిల్లులో ఇరవై రెండేళ్లు పెద్ద ఫ్యాన్ల సెక్షన్ చూశాను. ఇంజనీర్లు చేతులెత్తేసిన మోటారుకు చెవి ఆనించి, ఏ బేరింగు పోయిందో చెప్పినవాణ్ణి. మేనేజరు అందరి ముందూ నా చేతికి గడియారం తొడిగాడు. మిల్లు మూతపడ్డాక విండ్ టన్నెల్ వాళ్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. విండ్ టన్నెల్ అంటే నిలువుగా కట్టిన గాజు గది. అడుగున వల, దాని కింద నుంచి తన్నుకొచ్చే గాలి. మనిషి ఆ గాలి మీద బోర్లా తేలతాడు. విమానంలోంచి దూకాలనుకునేవాళ్లు ముందు ఇక్కడ ఒళ్లు అలవాటు చేసుకుంటారు. గాలి పెంచే మీట, తగ్గించే మీట ఒకటే, అది నా చేతిలో ఉంటుంది. ఆరేళ్లలో ఒక్కరికీ వేలు కూడా బెణకలేదు.

నా మేనకోడల్ని ఇంట్లో అందరం 'మొండి' అనే పిలుస్తాం. పద్నాలుగేళ్లుగా ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. నలభయ్యో ఏడు వచ్చిన నెలలోనే ఒకరోజు చెప్పులు విప్పుతూ అంది: "మామయ్యా, నేను విమానంలోంచి దూకడం నేర్చుకుంటా."

మా చెల్లెలు గరిటెతో సహా వంటింట్లోంచి బయటికొచ్చింది. "మెట్లు దిగేటప్పుడు రెయిలింగు వదలవు, నువ్వు విమానంలోంచి దూకుతావా?"

"మెట్ల మీద పారాచూట్ ఇవ్వరు కదమ్మా."

చెల్లెలు నా వైపు తిరిగింది. "అన్నయ్యా, ఇది ఆగే రకం కాదు. ముందు నీ దగ్గర నేర్పించు. నిజంగా వచ్చిందని నువ్వు చెబితేనే నేను ఒప్పుకుంటా."

"నా చేతికొచ్చాక నీకు దిగులేంటే?" అన్నాను.

మొదటి రెండు సెషన్లూ మొండి వల మీద కప్పలా పడింది. రోజంతా జనానికి "ఊపిరి బిగపట్టండి" అని చెప్పీ చెప్పీ, భయమేస్తే తానూ బిగపట్టేస్తుంది. ఊపిరి బిగిస్తే ఒళ్లు బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒళ్లు పైకి లేచి పక్కకు జారిపోతుంది. ముఖ్యంగా పారాచూట్ లాగే సైగ చెయ్యమన్నప్పుడల్లా అదే వరస. గాజు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. వాళ్లలో ఒకడు, "ఈవిడ పెద్దాయన చుట్టమట రోయ్" అన్నాడు. చెవులు కాలిపోయాయి.

దూకడం నేర్చుకునేవాళ్ల విషయంలో మా దగ్గర ఒక పద్ధతుంది. వాళ్ల బరువును బట్టి గాలి ఒకచోట పెట్టాక మీట ముట్టకూడదు. పైకి లేచినా, కిందికి జారినా ఎలా సర్దుకోవాలో వాళ్ల ఒళ్లే తెలుసుకోవాలి. ఆకాశంలో గాలిని సరిచేసే మనిషి ఉండడు. ఈ మాట కొత్తగా చేరిన ఆపరేటర్లకు చెప్పింది నేనే.

మూడో సెషన్లో ఆమె పైకి లేవగానే నా చెయ్యి మీటను వెంట్రుకవాసి వెనక్కి లాగింది. దిగగానే వెంట్రుకవాసి ముందుకు తోసింది. చూసేవాళ్లకు మొండి గాల్లో మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. తేలడం నేర్పే కోచ్ చూపంతా ఆమె మీదే ఉంది, గాలి వేగం చూపించే మీటరు మీద లేదు. బెంచీల వాళ్లు చప్పట్లు కొట్టారు. ఒక్కసారికే అనుకున్నాను. ఎనిమిది సెషన్లు అలాగే నడిపాను.

"మీ ఇంటి రక్తమే వేరు పెద్దాయనా!" అన్నాడు కోచ్. నేను కాదనలేదు. చెల్లెలితో, "వచ్చేసింది, పంపొచ్చు" అన్నాను. ఆదివారానికి దూకడం ఖాయం చేసుకున్నారు.

బుధవారం నుంచి నాకు భయం పట్టుకుంది. దూకేటప్పుడు ఇద్దరు ట్రైనర్లు పట్టుకునే ఉంటారు, నిజమే. ఆ తర్వాత వదులుతారు. లాగాల్సిన క్షణంలో బిగుసుకుని తిరగబడితే తాళ్లు ఎటు చుట్టుకుంటాయో ఎవరు చెప్పగలరు?

శుక్రవారం మధ్యాహ్నం ఆస్పత్రికి వెళ్లాను. మొండి చివరి పేషెంటును పంపించి, ఎక్స్‌రే గది గుమ్మంలోనే నిలబడి అడిగింది. "ఏంటి మామయ్యా, ఒంట్లో బాలేదా?"

"ఆదివారం వెళ్లకే."

"అమ్మ పంపిందా?"

"కాదు. నువ్వు నిలకడగా తేల్లేదు. నేనే మీట తిప్పుతూ నిలబెట్టాను."

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడో సెషన్ నుంచి."

"నేను పడితే, పడ్డావని చెప్పాల్సినవాడివి నువ్వు. ఎందుకు చేశావ్?"

"నా మేనకోడలు పడుతుంటే నలుగురూ నవ్వుతున్నారని."

"నవ్వింది నన్ను చూసి కదా" అంది. లోపలికెళ్లి తలుపేసుకుంది. అరిచినా బాగుండేది.

శనివారం పొద్దున్నే కోచ్‌కూ చెప్పాను. ఆయన మొహం గంటుపెట్టుకుని నన్ను సీటులోంచి లేపేసి, మొండిని మళ్లీ గాజు గదిలోకి పంపాడు. నేను పని నేర్పిన అమ్మాయే నా కుర్చీలో కూర్చుని, మీట ఒకచోట పెట్టి చేతులు కట్టుకుంది. లాగే సైగ చెయ్యగానే మొండి వెల్లకిలా తిరగబడి గాజుకు కొట్టుకుంది. భుజం కమిలింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదన్న నా ఆరేళ్ల లెక్క అక్కడితో సరి. బెంచీల మీద ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ఆదివారం దూకడం ఆగిపోయింది. చెల్లెలికి నేనే చెప్పాను. పదిహేను రోజులు నా ఫోనెత్తలేదు.

మొండి మాత్రం మానలేదు. ఏడు వారాలు అదే గాజు గదిలో పడింది, లేచింది, ఊపిరి వదలడం నేర్చుకుంది. లోపలికి అడుగుపెట్టే ముందు ప్రతిసారీ కోచ్‌ని అడిగేది, "మీట దగ్గర ఎవరున్నారు?" అని. నేను బయట నిలబడి వినేవాణ్ణి.

దూకే రోజు నన్నూ రమ్మంది. "చేతులు జేబుల్లో పెట్టుకుని చూడు" అంది. నవ్వుతూ అందో లేదో తెలియలేదు. చెల్లెలూ నేనూ మైదానం అంచున నిలబడ్డాం. పైన ఒక చుక్క కనిపించింది, ఎంతకీ చుక్కగానే ఉంది. తర్వాత పారాచూట్ విచ్చుకుంది. చెల్లెలు నా భుజం పట్టుకుని ఏడ్చేసింది.

మోకాళ్ల నిండా మట్టితో మొండి నడిచొచ్చింది. "లాగబోయేముందు బిగుసుకున్నా మామయ్యా. పక్కకు తిరిగిపోయా. ఊపిరి వదిలా. సర్దుకుంది."

ఆ సర్దుకోవడం తెలియకుండానే ఆమెను పైకి పంపబోయాను. ఆమె మోకాళ్ల మట్టి వైపే చూస్తుండిపోయాను.

"అలా చూస్తావేంటి? ఇది పట్టుకో, బరువుగా ఉంది" అని పారాచూట్ గుడ్డ నా చేతుల్లో పడేసి, వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.