నూకరత్నం కొన్న జీపు

తాడేపల్లిగూడెంలో పాత కార్లు అమ్మే షెడ్డులో నూకరత్నం ఒక జీపు కిందికి దూరి, అక్కడే కళ్లు తిరిగి పడిపోయిందట. ఎంత పిలిచినా పలకలేదట. తన షెడ్డులో ఆడమనిషికి ఏమైనా అయితే కేసు మెడకు చుట్టుకుంటుందని యజమాని హడలిపోయి, ముఖాన నీళ్లు చల్లి లేపి, ఆమె అడిగిన ధరకే బండి ఇచ్చి పంపేశాడట.

ఈ కథ మండవల్లి సెంటర్లో టిఫిన్ బండి పెట్టుకున్న రాజ్యం దగ్గర పుట్టింది. ఆమె మేనల్లుడు ఆ షెడ్డు పక్కనే టైర్లకు గాలి కొడతాడు. అతను చూసింది కొంత, రాజ్యం కలిపింది కొంత. ఇడ్లీ తినడానికి ఆగినవాళ్లందరికీ చట్నీతో పాటు ఇదీ వడ్డించేది. కొన్నాళ్లకు కథలో నూకరత్నం నోట్లోంచి నురగ కూడా వచ్చింది.

ఆ కథ చెవిన పడ్డప్పుడల్లా కోడలు తేజశ్రీ తల దించుకునేది. ఆ రోజు షెడ్డులో, అత్తగారి పాదాలు తప్ప ఇంకేమీ కనపడక, గట్టిగా పిలవడానికి నోరు పెగలక, జీపు పక్కన నిలబడి ఉన్నది తనే.

నూకరత్నం పుట్టింది కొల్లేటికోటలో. తండ్రి నావలు బాగుచేసేవాడు. పగుళ్లు పూడ్చి తారు పూస్తుంటే ఆమె పక్కన కూర్చుని పొయ్యి ఎగదోసేది. పెళ్లయ్యాక మొగుడితో కలిసి చేపల చెరువుల్లో కూలికి దిగింది. ఆయన పోయాక, కొడుకు నాగదుర్గారావు చేతికందాక, మండవల్లి అవతల ఒక చెరువు కౌలుకు తీసుకుంది. చెరువు గట్టు మీదే రెండు గదుల రేకుల ఇల్లు. పొద్దున లేస్తే మేత బస్తాలు, నీళ్లలో గాలి కలిపే ఇంజన్లు, కొంగల్ని తోలడం. తేజశ్రీ కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు మాట్లాడే మాటల కంటే చెరువు వైపు చూసే చూపులే ఎక్కువని గమనించింది. ఆ చూపుల్ని బట్టే ఏ పని ముందు చేయాలో నేర్చుకుంది.

ఆ ఇంటికి ఉన్న చిక్కల్లా బాట. తారు రోడ్డు నుంచి ఇంటిదాకా నల్లమట్టి గట్టే దారి. ఎండాకాలంలో సిమెంటు రోడ్డులా ఉంటుంది. వాన పడితే సబ్బు రాసినట్టు జారుతుంది. ఆటోలు మొదట్లోనే ఆగిపోతాయి. రెండేళ్ల క్రితం శ్రావణంలో నాగదుర్గారావు కూతురు చాందినిని బైకు మీద బడికి తీసుకెళుతుంటే, బండి జారి ఇద్దరూ చెరువు అంచుదాకా వెళ్లారు. దెబ్బలేమీ తగల్లేదు. కానీ ఆ మర్నాడే నాగదుర్గారావు ఏలూరులో ఒక గది అద్దెకు చూశాడు. అప్పటి నుంచి వానలు మొదలైతే తేజశ్రీ, చాందిని, చిన్నవాడు మణిదీప్ ఏలూరులో ఉండేవారు. తల్లీ కొడుకులు గట్టు మీద.

పోయిన ఏడు వానల్లో నూకరత్నం పిల్లల్ని చూడటానికి ఏలూరు వెళ్లింది. చాందిని కుర్చీ వేసి, గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. మణిదీప్ తల్లి చీర వెనక్కి దాక్కున్నాడు. సాయంత్రం బయలుదేరుతుంటే చాందిని, "మళ్లీ ఎప్పుడొస్తావు నాయనమ్మా?" అని ఎంతో మర్యాదగా అడిగింది. చుట్టాన్ని అడిగినట్టు. నూకరత్నం ముఖం చూసి, చిన్నపిల్ల మాట పట్టించుకోవద్దని తేజశ్రీ చెప్పబోయింది. ఆమె వినకుండానే మెట్లు దిగిపోయింది.

ఇంటికి వెళ్లి కొడుకుతో ఒకే మాట చెప్పిందట: "వచ్చే వానల్లో పిల్లలు నా ఇంట్లో ఉండాల. ఈ గట్టు ఎక్కే బండేదో చూడు."

నాలుగు చక్రాలూ లాగే బండి అయితేనే ఎక్కుతుందని, అందులో కొత్తది కొనడం తమ వల్ల కాదని, పాతదే వెతకాలని నాగదుర్గారావు చెప్పాడు. అలా మొదలైంది వెతుకులాట.

ముందు ఏలూరులో ఒక బండి చూశారు. ఎత్తుగా, ఏనుగులా ఉంది. బేరం కూడా కుదిరేదే. నాగదుర్గారావుకు అనుమానం వచ్చి లోపలికి తొంగి చూస్తే గేరు రాడ్డు పక్కన ఉండాల్సిన చిన్న రాడ్డు లేదు. నాలుగు చక్రాలకూ బలం కలిపేది అదే. అదే ఆకారంలో రెండు చక్రాలు మాత్రమే లాగే బండ్లు కూడా వస్తాయని అప్పుడు తెలిసింది. ఆకారం చూసి మురిసిపోయినందుకు నూకరత్నం దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది.

రెండోది తాడేపల్లిగూడెంలో ఎర్ర జీపు. చెరువులో చేపలు పట్టే రోజులు కావడంతో నాగదుర్గారావు కదల్లేకపోయాడు. గూడెం తేజశ్రీ పుట్టిల్లు, వీధులు తెలుసు కనుక అత్తాకోడళ్లే వెళ్లారు. షెడ్డు యజమాని చిన్న రాడ్డు చూపించాడు. సీట్ల మెత్తదనం చెప్పాడు, పాటలు వినిపించాడు. నూకరత్నం అంతా విని, "పైనున్నయ్యన్నీ బాగున్నాయండీ. అడుగు చూడొచ్చా?" అంది.

నావను కొనేటప్పుడు బోర్లించి చూడటం ఆమె ఎరిగిన పద్ధతి. జీపును బోర్లించలేరు కదా, కొంగు నడుముకు బిగించి తనే కిందికి దూరింది. కాసేపటికి లోపల్నుంచి మాట వినిపించింది.

"తారు పూశారండీ బాబూ. ఎంత నున్నగా పూశారో. అపురూపంగా చూసుకున్న మనిషి బండేనండీ ఇది."

కొల్లేట్లో ఏటా తారు పడిన నావంటే మంచి చేతుల్లో ఉన్న నావే. యజమాని ముఖం వెలిగిపోయింది. ఆ తర్వాత కింద నుంచి మాట లేదు. తేజశ్రీ చూస్తూ నిలబడింది. అత్తగారి పాదాలు ఒకసారి ముడుచుకున్నాయి, మళ్లీ చాపుకున్నాయి. యజమాని వంగి పిలిచాడు. తేజశ్రీ చిన్న గొంతుతో, "అత్తయ్యా," అంది. జవాబు లేదు. గాలి కొట్టే కుర్రాడు నీళ్ల చెంబు తెచ్చేసరికి నూకరత్నం పాక్కుంటూ బయటికి వచ్చింది. జుట్టు రేగిపోయి ఉంది, చెంప మీద నల్లటి చార. చెంబెత్తి నీళ్లు తాగి యజమానితో నెమ్మదిగా అంది.

"దీనికి అడుగు లేదండీ. తారే ఉంది. దాని పైన ఇనుము లేదు."

అది పైపై తుప్పేనని యజమాని ఏదో చెప్పబోయాడు. ఆమె దణ్ణం పెట్టి బయటికి నడిచింది. ఇద్దరూ బస్సెక్కారు. కైకరం దాటాక కోడలి వైపు తిరిగింది.

"నావకి తారు మంచిదే తేజా. ఇనుముకైతే లోపలిది కప్పెట్టడానికి కూడా పూస్తారని నాకు తెలీదు. నా కళ్లతో చూసి కొనడం ఇక వద్దమ్మా. తెలిసినోడిని తీసుకెళ్దాం."

తన తప్పును ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషిని తేజశ్రీ అంతకు ముందు చూడలేదు.

ఏలూరులో జీపులు బాగుచేసే నెల్సన్ మూడో బండి సంగతి చెప్పాడు. పెదపాడులో నరసరాజు గారని ఒక రైతు. మోకాళ్లు అరిగి క్లచ్చి తొక్కలేక అమ్ముతున్నారు. తెల్ల రంగు వెలిసిపోయింది, తలుపు సొట్ట పడింది, మడ్‌గార్డుల్లో ఎన్నో ఏళ్ల వరిపొలాల బురద. ఈసారి నూకరత్నం కిందికి వంగను కూడా వంగలేదు. నెల్సన్ సుత్తి పట్టుకుని దూరి, ఈ కొస నుంచి ఆ కొసదాకా కొట్టుకుంటూ పోయాడు. ఆమె పక్కన నిలబడి ఆ చప్పుడు వింది.

"పైన తుప్పుంది పిన్నిగారూ, లోపల గట్టిగా ఉంది. ఏమీ పూయలేదు," అన్నాడు నెల్సన్.

"పూయడానికి తీరికేదండీ," అన్నారు నరసరాజు. "పొలం నుంచొస్తే కడగడానికే ఓపికుండేది కాదు."

వెనక సీట్లు ఎదురుబొదురు బల్లల్లా ఉన్నాయి. పిల్లలకు బెల్టులు లేవు. అవి తీసేసి ముందుకు తిరిగిన సీటు, బెల్టులు పెట్టగలవా అని నూకరత్నం నెల్సన్‌ను అడిగింది. పెట్టొచ్చన్నాడు. అప్పుడు నరసరాజు వైపు తిరిగి, వాన పడిన రోజు తమ గట్టు ఎక్కించి చూపిస్తేనే కొంటామంది.

"ఎక్కకపోతే నేనూ మీ ఇంట్లోనే ఉండిపోతానండి," అన్నారు ఆయన. "బురద ఆరేదాకా చేపల పులుసు పెడుదురుగాని."

బడులు తెరిచిన వారం ముసురు పట్టింది. రెండో రోజుకు గట్టు నల్లగా మెరుస్తోంది. ఏలూరు ఇంటావిడ పొద్దున్నే ఫోన్ చేసి, గది కావాలో వద్దో సాయంత్రంలోగా చెప్పమంది. వేరేవాళ్లు అడుగుతున్నారట. తేజశ్రీ పిల్లల బట్టలు సంచిలో సర్దింది. తీసిన ప్రతి గౌనూ నూకరత్నం చూస్తూ ఉండిపోయింది.

నరసరాజు మాట తప్పలేదు. ఆయన ఒప్పుకోవడంతో నెల్సన్ ముందే వెనక సీటు మార్చి బెల్టులు పెట్టేశాడు. తారు రోడ్డు దగ్గర జీపు ఆపి, దిగి, డ్రైవరు సీటు నాగదుర్గారావుకు ఇచ్చి తాను పక్కన కూర్చున్నారు. ముందు ఖాళీ బండి ఎక్కించి చూద్దామన్నాడు నాగదుర్గారావు.

"రేపు బడికి ఖాళీ బండెళ్లదుగా," అంది నూకరత్నం.

అందరూ ఎక్కారు. చాందినికి, మణిదీప్‌కు బెల్టులు బిగించి వాళ్లకు చెరో పక్కన అత్తాకోడళ్లు. చిన్న రాడ్డు కిందికి లాగితే కింద ఎక్కడో టక్కుమంది. జీపు బాట ఎక్కింది. మొదటి సగం నడక వేగంతో సాగింది. చెరువు మలుపు దగ్గర గట్టు నిలువుగా లేస్తుంది. బైకు జారింది అక్కడే. సగం ఎక్కేసరికి ముందు చక్రాలు గిర్రున తిరిగి అద్దం మీదికి బురద చిమ్మాయి. బండి వెనకభాగం మెల్లగా చెరువు వైపు జరిగింది. తేజశ్రీకి నీళ్లు కిటికీలోంచే కనిపించాయి. నూకరత్నం చెయ్యి మణిదీప్ ఛాతీకి అడ్డంగా ఉంది.

"కాలు పెంచకండి. తియ్యనూ వద్దు," అన్నారు నరసరాజు, ఇంట్లో కూర్చుని మాట్లాడుతున్నట్టు. "అదే పట్టు దొరకపుచ్చుకుంటుంది. చక్రం వదులుగా పట్టుకోండి."

ఇంజను అదే గొంతుతో గురగురలాడింది. ఒక చక్రం ఏదో గట్టిని అందుకుంది. తర్వాత ఇంకొకటి. జీపు ఒళ్లు విరుచుకున్నట్టు నిటారుగా అయి, ముక్కు ఆకాశం వైపు ఎత్తి, గట్టు పైకి వచ్చేసింది. పక్క చెరువుల్లో పనివాళ్లు వలలు వదిలేసి ఈలలు వేశారు. చాందిని చప్పట్లు కొట్టింది. ఇంటి ముందు ఆగాక నాగదుర్గారావు మళ్లీ వెనక్కి తిప్పి, అదే మలుపు దిగి, అదే మలుపు ఎక్కించాడు. మూడోసారి ఆపమని నూకరత్నమే చెప్పాల్సి వచ్చింది.

కిందికి దిగుతూనే ఆమె కోడలితో అంది. "ఏలూరుకి ఫోన్ చెయ్యమ్మా."

తెలియనివాళ్లతో ఫోన్లో మాట్లాడాలంటే తేజశ్రీకి ఎప్పుడూ బిడియం. ఆ రోజు మాత్రం గట్టు మీద నిలబడి, అందరికీ వినపడేలా, "ఈ ఏడు రావట్లేదండీ. గది ఎవరికైనా ఇచ్చేసుకోండి," అని చెప్పింది. నరసరాజుకు చేపల పులుసు పెట్టారు. మర్నాడు పొద్దున వానలోనే చాందిని ఇస్త్రీ బట్టలతో బడిలో దిగింది.

భాద్రపదం దాకా ఒక్కనాడూ బడి మానలేదు. మణిదీప్ రాత్రిళ్లు నాయనమ్మ మంచం మీదే పడుకుంటున్నాడు. ఒక రోజు పిల్లను దించి వస్తూ సెంటర్లో ఆగితే రాజ్యం పలకరించింది.

"ఏం రత్నం, ఇప్పుడు కళ్లు తిరగట్లేదు గదా?"

"మీ ఇడ్లీలు మానేశాక తిరగట్లేదు వదినా."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. జీపు కదిలాక తేజశ్రీ ధైర్యం చేసి, అంతమాత్రం చెప్పి ఊరుకుంటారేం, అసలు సంగతి చెప్పి ఆ నోరు మూయించొచ్చుగా అంది. ముందు సీట్లో ఉన్న కొడుక్కి వినపడకుండా నూకరత్నం కోడలి చెవి దగ్గరికి వంగింది.

"అసలుది చెబితే ఇంకా నవ్వుతారే," అని ఆ రోజు సంగతి చెప్పింది. చెబుతూ తనే ఆపుకోలేక నవ్వింది.

ఎర్ర జీపు కింద నూకరత్నానికి కళ్లు తిరగలేదు. మెత్తగా తగిలిన చోట తారు మీద నొక్కితే చూపుడు వేలు తుప్పు చిల్లులో దిగబడి ఇరుక్కుపోయింది. కేకేస్తే సిగ్గుచేటని, తలలోని కొబ్బరినూనె రెండో చేత్తో తీసి రాసుకుని, అది ఊడి వచ్చేదాకా చప్పుడు చేయకుండా పడుకుంది.