అడకత్తెర కింద మలేరియా గోలీ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏదీ ఒక్కరి నోట్లోకి పోయేది కాదు. అది మా నాయనమ్మ పెట్టిన చట్టం. కోడిగుడ్డు ఉడికితే దారంతో కోసి పంచేది. అడవిలో తునికి పండ్లు దొరికినా, సంతలో జీళ్లు కొన్నా, ముందు పిల్లలందరం ఆమె చుట్టూ కూర్చోవలసిందే. నేను, నా తమ్ముళ్లు, చిన్నాన్న కూతుళ్లు. వక్కలు కత్తిరించే అడకత్తెర ఆమె చేతిలో కనిపించిందంటే మాకు నోరూరేది. ఏదైనా ముక్క పెద్దదైతే, దాని అంచు కొరికి తన నోట్లో వేసుకుని మిగతా వాటితో సమానం చేసేది. ఆ తీర్పు మీద ఎవరికీ అప్పీలు లేదు.

మా ఊరు దమ్మపేట దాటి అడవిలోకి పోయే దారిలో ఉంది. ఒక వానాకాలం నాకు మలేరియా పట్టుకుంది. మధ్యాహ్నమయ్యేసరికి పళ్లు టకటకలాడే చలి, ఆ వెనకే ఒళ్లు కాలిపోయే జ్వరం. మలేరియా మందులిచ్చే ఆయన వచ్చి, గోలీలు చేతిలో పెట్టి, రోజూ వేయమని చెప్పి పక్క ఊరికి వెళ్లిపోయాడు. నాయనమ్మ వాటిని అడకత్తెర కింద పెట్టింది. ఇవాళ నాకొచ్చిన జ్వరం రేపు మిగతావాళ్లకు రాదా అని ఆమె లెక్క. తలా ఒక ముక్క, దాని మీద గుక్కెడు నీళ్లు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మళ్లీ గోలీలు, మళ్లీ అడకత్తెర, మళ్లీ జ్వరం. నేను పుల్లలా అయిపోయాను. అమ్మ నాకు జడ వేస్తూ, నేను చూడటం లేదనుకుని వెనక కళ్లు తుడుచుకునేది. ఈ గోలీల్లో పస లేదని ఊరంతా తేల్చేసింది.

ఆ మాట ఎలా చేరిందో గానీ, ఖమ్మం నుంచి ఒక డాక్టరమ్మ మైక్రోస్కోపు పెట్టెతో వచ్చింది. బెల్లం వ్యాపారం చేసే ముస్లింల ఇంటి అమ్మాయి. మా వైపు మలేరియా క్రిమి ఇంకా మందుకు లొంగుతోందా, మొండికేసిందా అని పరీక్షించడం ఆమె పని. నా వేలు సూదితో గుచ్చి, రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి, రంగు పట్టించి, మా అరుగు మీద కూర్చుని చూసింది. నన్నూ చూడనిచ్చింది. గులాబీ రంగు బిళ్లలు, వాటిలో అక్కడక్కడ ఊదారంగు ఉంగరాలు. బిళ్లలు నా రక్తకణాలట, వాటి లోపల దూరి కాపురం పెట్టింది ఆ క్రిమి. భయం వేయాల్సింది పోయి, నా ఒంట్లో ఉంగరాలున్నాయని నాకు గర్వం కలిగింది.

మందు ఓడిపోయిందని ఆమె తేల్చితే, నాకే కాదు, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ మందు మార్చాలి. అందుకే తొందరపడలేదు. తెల్లటి గోలీ ఒకటి అరచేతిలో పెట్టుకుని నన్ను అడిగింది.

"గిది ఎట్లుంటదో చెప్పు బేటా."

నేను నోరు తెరిచేలోగా వెనక నుంచి మా పెద్ద తమ్ముడు "థూ, మస్తు చేదుంటది!" అన్నాడు. చిన్నాన్న కూతుళ్లు ఆ మాటకే మొహాలు వికారంగా పెట్టారు. ఆ ఏడాది జ్వరం ముట్టని పిల్లలందరికీ ఆ చేదు తెలుసు.

డాక్టరమ్మ మా మొహాలన్నీ ఒకసారి చూసి నాయనమ్మ వైపు తిరిగింది. "గోలీలు అందరికీ ఇచ్చినవా పెద్దమ్మా?"

"అవ్. ఒక్కదానికి పెట్టి మిగిలినోళ్ల మొహం ఎట్ల చూస్త?" అంది నాయనమ్మ దర్జాగా.

ఇక తిట్లు తప్పవనుకున్నాం. డాక్టరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నాయనమ్మ పక్కన చేరి మెల్లగా చెప్పింది. అరకొర మందుకు క్రిమి చావదు, పైగా రాటుదేలుతుంది. జ్వరం లేని పిల్లలకు ఆ మందు మంచిదీ కాదు. క్రిమి లొంగుతుందో లేదో తెలియాలంటే ముందు మందు పూర్తిగా నా కడుపులోకి పోవాలి. నాయనమ్మ మొహం చిన్నబోయింది. తలూపింది గానీ చేతిలో అడకత్తెర మాత్రం వదల్లేదు.

మర్నాడు డాక్టరమ్మ ఒక బెల్లం అచ్చు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. "గోలీ దానికొక్కదానికే. గిది నువ్వు అందరికీ పంచు. కానీ ఈ పిల్ల గోలీ మింగినంకనే."

ఇక చూడాలి మా వాళ్ల హడావిడి. జల్దీ మింగవే అంటూ నా మీద పడ్డారు. నేను కక్కేస్తానేమోనని డాక్టరమ్మ రోజూ కాసేపు అక్కడే కూర్చునేది, అంతసేపూ మా తమ్ముళ్లు నా నోటికి కాపలా. కక్కితే గోలీ మళ్లీ వేయాలి, బెల్లం ఇంకా ఆలస్యమవుతుంది మరి!

మందు అయిపోయాక కూడా ఆమె వచ్చి నా రక్తం చూసి పోయేది. చివరికి ఒకరోజు గాజు పలకను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు వెతికి, నన్ను చూడమంది. అన్నీ గులాబీ బిళ్లలే. ఒక్క ఉంగరమూ లేదు. మందు బాగానే ఉంది, ఇన్నాళ్లూ అది నాకు సరిగా అందలేదంతే అని అమ్మకు చెప్పింది. అమ్మ ఈసారి దాచుకోకుండా ఏడ్చింది.

వానలు తగ్గకముందే నాయనమ్మకూ మలేరియా వచ్చింది. గోలీ చేతిలో పెట్టుకుని మా వైపు చూస్తూ కూర్చుంది. "పోరగాండ్లు చూస్తుంటే ఒక్కదాన్నే ఎట్ల తినాలె?" అంది. ఆమె కళ్లు నిండాయి. ఇన్నాళ్లూ మా ముక్కలను సమానం చేస్తూ కొరికిన అంచులే తప్ప, ఆమె తన వంతంటూ ఏదీ తీసుకోలేదని నాకు అప్పుడు తట్టింది. నేను లేచి, డబ్బాలో మిగిలిన బెల్లం తెచ్చి, అదే అడకత్తెరతో ముక్కలు చేసి పిల్లలందరికీ పంచాను. మేమంతా నమలడం మొదలుపెట్టాక గానీ ఆమె గోలీ మింగలేదు.

ఇప్పుడు ఏదైనా పనిచేయలేదని ఎవరన్నా, అది మందైనా, చదువైనా, పూర్తిగా అందిందా అని ముందు అడుగుతాను. పొద్దున్నే నా బీపీ గోలీ తీసుకునేటప్పుడు మనవడు ఎదురుగా ఉంటే నాకూ గొంతు దిగదు. ముందు వాడి కోసం ఒక బెల్లం ముక్క తీస్తాను. అది కాస్త పెద్దదనిపిస్తే, అంచు కొరికి నా నోట్లో వేసుకుని, మిగతాది వాడి చేతిలో పెడతాను.