కొలిమి పాక మీద అనుమానం

ఆ రోజు నేను చేసిన తప్పు, పనిలో ఉన్న మనిషి తలుపును పిలవకుండా నెట్టడం. అంతకుముందే నోటితో చేసింది ఇంకా పెద్ద తప్పు.

ఆసిఫాబాద్‌లో నేను వడ్రంగిని. చెప్పులు కుట్టేవాళ్లు అడిగిన ఆకారానికి చెక్కదిమ్మె చెక్కేవాణ్ణి. పక్క పాకలోని కమ్మరి ఆ దిమ్మె చుట్టూ ఉక్కు పట్టీ వంచి, అంచుకు పదును పెట్టి అచ్చు చేసేవాడు. దాన్ని తోలు మీద నిలబెట్టి సుత్తితో కొడితే చెప్పు అడుగు తెగి వచ్చేది. పట్టీ కట్టె మిల్లులో తెగిపోయిన రంపానిది. చల్లగా వంచితే విరుగుతుంది, కొలిమిలో ఎర్రబడితేనే మాట వింటుంది.

వంచేటప్పుడు ఆయన పట్టపగలే తలుపులన్నీ మూసేవాడు. ఎందుకన్నా అని అడిగితే, “కొలిమికి దిష్టి తాకుతది తమ్మీ, నీ కండ్లు మంచియి కావు” అని నవ్వేవాడు. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

ఒకరి ఆకారం ఇంకొకరికి చేయకూడదన్నది మా కట్టుబాటు. అంగట్లో చెప్పులు కుట్టి అమ్మే, అందరం కాకా అని పిలిచే ముసలాయన ఒకసారి చెప్పు ముక్కు కొంచెం లోపలికి తిరిగిన కొత్త ఆకారం చేయించుకున్నాడు. ఆ చెప్పులు బాగా పోయాయి. కొన్నాళ్లకు అదే ముక్కు అంగట్లో ఇంకొకరు చెప్పులు పరిచిన చాప మీద కనిపించింది. నా మనసు నేరుగా ఆ మూసిన తలుపు దగ్గరికి పోయింది. లోపల రెండో అచ్చు వంచుతున్నాడనుకున్నాను. అప్పటినుంచి అన్నీ సాక్ష్యాలే. పాక ముందు కొత్త మనిషి సైకిల్ ఆగినా, పట్టీ ముక్క ఒకటి ఎక్కువగా కనిపించినా, సుత్తి చప్పుడు కాస్త ఎక్కువసేపు వినిపించినా.

కమ్మరిని అడగలేదు. కాకాతో మాత్రం, “నీ ముక్కు ఇంకో చాప మీదికెట్ల పోయిందో కమ్మరినే అడుగు” అన్నాను. మిగతా వాళ్లను “జర పైలం” అని హెచ్చరించాను. అంతే, వాళ్లు పని ఇవ్వడం మానేశారు. ఆ కొలిమిలో నిప్పు పడని రోజులు వచ్చాయి.

ఒక మధ్యాహ్నం పాకలోంచి పొగ లేచింది. తలుపు మూసే ఉంది. దొరికాడనుకుని నెట్టాను. ఎండ వెళ్లి కొలిమి మీద పడింది. లోపల ఒకటే దిమ్మె, ఒకటే పట్టీ.

“తలుపెయ్! ఎరుపు కనిపిస్తలే!” అని అరిచాడు. పట్టీని బయటికి లాగేసరికే అది మరీ ఎక్కువ కాలి చిటపట రవ్వలు రాలుస్తోంది. దిమ్మెకు ఆనించి వంచితే ముక్కలైంది.

“ఎండల నిప్పు రంగు తెలుస్తదా? నాకు పని ఇచ్చేటోడు ఖానాపూర్ ఆయనొక్కడే మిగిలిండు. గాయన పట్టీ గూడ బూడిద చేసినవ్.”

నేనింకా తగ్గలేదు. “మరి కాకా ముక్కు ఇంకోనికెట్ల దొరికింది?”

“అంగట్ల చెప్పు అమ్మినంక ఆకారం దాగుతదా? కొన్నోడు తోలు మీద పెట్టి గీసుకుంటే సాలదా? గీ మాత్రం నీకు తోచలేదా?”

తోచింది. ఒకసారి తోచింది. అప్పటికే కాకాతో అనేశాను గనక ఆ ఆలోచనను పక్కకు నెట్టాను. ఆ సంగతి ఆయనకు చెప్పే ధైర్యం రాలేదు.

తరువాతి అంగడి నాడు, ఎవరెవరితో అన్నానో వాళ్ల చాపల ముందుకెళ్లి, కమ్మరి తప్పేం లేదు, నేనే లేనిపోనిది అన్నానని చెప్పాను. ఒకడు బేరంలో ఉండి ఆగమన్నాడు. ఆగి చెప్పాను. చివరికి కాకా దగ్గర వంగి మెల్లగా మొదలుపెట్టాను. ఆయన తోలు మీదినుంచి తల ఎత్తలేదు.

“అన్ననాడు గట్టిగనే అన్నవ్ గద. ఇయ్యాల చెవుల చెప్తున్నవేంది?”

లేచి నిలబడి, పక్కవాళ్లు తిరిగి చూసేటంత గట్టిగా చెప్పాను. కాకా సంచిలోంచి మొద్దుబారిన అచ్చు తీసి నా ముందు పడేశాడు.

“కమ్మరిని పదును పెట్టియ్యమను. నువ్వే మోసుకపో.”

తీసుకెళ్లి ఇచ్చాను.