అత్త ‘తెలియదు’ అనడం నేర్చుకుంది

మా పాపకు ఏడాది నిండిన కొత్తలో ఒక ఉదయం దోసెల పిండి కలుపుతున్నాను. అత్త పాపను ఎత్తుకుని పక్కింటికి వెళ్లింది. అది రోజూ జరిగేదే. ఆ రోజు మాత్రం ఉన్నట్టుండి నా గుండె దడదడ కొట్టుకుంది. చేతులు చల్లబడ్డాయి. పాపకు ఏదో అయిందని ఎవరో వచ్చి చెప్పినంత గట్టిగా అనిపించింది. పిండి చేతులతోనే వీధిలోకి పరుగెత్తాను. పాప పక్కింటి సరోజక్క గడప మీద కూర్చుని మురుకు చప్పరిస్తోంది.

“ఏమ్మా, దెయ్యాన్ని చూసినావా?” అంది సరోజక్క.

మాది కోయంబత్తూరు శివారు. మా వీధిలో తెలుగిళ్లే ఎక్కువ, వాటిలో సగం చుట్టాలవి. నా భర్త నా మేనత్త కొడుకు, బావ అనే పిలుస్తాను. తిరుప్పూరులో బనియన్ కంపెనీలో సూపర్‌వైజర్. నేను బీకాం చదివి అక్కడే ఆఫీసులో పనిచేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను.

దడ మళ్లీ మళ్లీ రావడంతో ఆసుపత్రికి వెళ్లాం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్ అన్నీ చూశారు. “హార్ట్ నార్మల్. టెన్షన్ పడకండి” అన్నారు డాక్టర్. ఆ సాయంత్రం హాయిగా ఉన్నాను. మర్నాటి నుంచి భయం నా గుండెను వదిలి పాప ఒంటి మీదికి మళ్లింది. పాప నుదురు తాకి చూసేదాన్ని. వేడిగా ఉన్నట్టే ఉండేది. అత్తను పిలిచేదాన్ని.

“ఏమీ లేదు కన్ను, చల్లగా ఉండాది” అనేది అత్త. నన్ను ముద్దుగా అట్లాగే పిలుస్తుంది.

కాసేపు నిమ్మళంగా ఉండేది. తర్వాత అత్తకు సరిగా తెలియలేదేమో అనిపించేది. గోడ పక్క నుంచి సరోజక్కను అడిగేదాన్ని. ఫోనులో బావను అడిగేదాన్ని. చివరికి నేను వీధిలో కనపడగానే సరోజక్క తన గుమ్మంలోంచే అరిచేది: “జొరము లేదు! పోయి అన్నము తిను!” అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. కానీ అన్నం దిగేది కాదు, నిద్ర పట్టేది కాదు. అత్త మంత్రించిన విభూతి తెచ్చి నా నుదుట పెట్టింది. ఆ రాత్రి నిద్రపోయాను. మళ్లీ మామూలే.

పాపకు గుండు చేయించడానికి పళని వెళ్లాం. గుండు మీద చందనం పూశారు. ఆ చల్లదనానికి తల వేడిగా ఉందో లేదో నాకు తెలియలేదు. తెలియకపోయేసరికి ఊపిరాడలేదు. కొండ మీదే, అంతమందిలో, కొంగుతో చందనమంతా తుడిచేసి తల తాకి చూశాను. పాప గుక్కపెట్టి ఏడ్చింది.  అత్త నా చేతిలోంచి పాపను తీసుకుని పక్కకు వెళ్లిపోయింది.

అయినా నేను మారలేదు. పాపకు మాటలు వచ్చాక ఒక మధ్యాహ్నం తన బొమ్మను ఒళ్లో పెట్టుకుని దాని నుదురు తాకింది. ముఖం చిన్నబోయింది. లేచి, బొమ్మను అత్త దగ్గరికి మోసుకెళ్లి, “అవ్వా, జొరమా?” అని అడిగింది. అచ్చం నా గొంతే. పిల్లకు నా భయం అంటుకుంటోంది. ఆ సాయంత్రం బావ చెప్పులు విప్పకముందే, “నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకుపో. ఈసారి గుండెకు కాదు” అన్నాను.

సైకియాట్రిస్ట్ చాలాసేపు విన్నారు. “దీన్ని యాంగ్జైటీ డిజార్డర్ అంటారు. షుగర్, బీపీ లాగే వైద్యం ఉంది” అని కొద్ది డోసు మాత్ర రాసి, థెరపీకి పంపారు. థెరపిస్ట్ తమిళావిడ, నా కంటే కొంచెం పెద్ద. భయం వచ్చినప్పుడు ఏం చేస్తావని అడిగారు. అడుగుతానన్నాను.

“వాళ్లేమంటారు?”

“ఒణ్ణుం ఆగాదు అంటారు.” ఏమీ కాదు అని.

“ఆ మాట ఎంతసేపు పనిచేస్తుంది?”

కాసేపే అన్నాను. వచ్చేసారి ఎక్కువగా ఎవరిని అడుగుతావో వాళ్లను వెంట తీసుకురమ్మన్నారు.

అత్త పట్టుచీర కట్టుకుని వచ్చింది. ఇకమీదట నేను అడిగితే ‘తెలియదు’ అనాలని థెరపిస్ట్ చెప్పగానే అత్తకు కోపం వచ్చింది.

“ముగ్గురు బిడ్డలను పెంచినాను డాక్టరమ్మా. చేతికి తెలిసినదాన్ని తెలియదని ఎట్లా చెప్పేది?”

“ఇప్పుడు చల్లగా ఉందని మీకు తెలుసు. రేపు ఏమవుతుందో తెలుసా అమ్మా? ఈమె అడిగేది దాని గురించే.”

అత్త చేతులు జోడించింది. “అది మురుగనికే తెలుసు.”

“ఈమెకూ అదే చెప్పండి.”

మొదటి రోజులు నరకం. అడిగితే అత్త కొంగు నోట్లో కుక్కుకునేది. ఒకసారి, “తెలియదు కన్ను... అయినా చల్లగానే ఉండాది” అని నాలుక కరుచుకుంది. ఇద్దరం పడీపడీ నవ్వాం. జవాబు రాకపోతే భయం పెరిగి పెరిగి చస్తాననుకున్నాను. పెరిగింది, నిజమే. కొంతసేపటికి దానంతట అదే దిగింది. అది దిగుతుందని అంతకుముందు నాకు తెలియదు. దిగేదాకా నేనెప్పుడూ ఆగలేదు మరి. పాప తినకుండా, ఆడకుండా నీరసంగా ఉంటేనే థర్మామీటర్ పెట్టాలన్నది మా ఒప్పందం.

వానాకాలంలో పాపకు నిజంగానే జ్వరం వచ్చింది. పిల్లల డాక్టర్‌కు చూపించి మందు వేశాను. చేయాల్సినవన్నీ చేశాను. జ్వరం తగ్గాకే కూలిపోయాను. మళ్లీ వీధంతా తిరిగి అడగడం మొదలుపెట్టాను. అంతా వృథా అయిందని థెరపిస్ట్ ముందు ఏడ్చాను. “జారావు. నేర్చుకున్నది ఎక్కడికీ పోలేదు” అన్నారావిడ. నిజంగానే రెండోసారి తొందరగా తేరుకున్నాను.

ఇప్పుడు పాప బడికి వెళుతోంది. నేను బావతో పాటు బస్సెక్కి తిరుప్పూరు ఆఫీసుకు వెళుతున్నాను. మాత్రలు డాక్టర్ చెప్పినట్టే మెల్లగా తగ్గించి ఆపేశాను. థెరపీకి అప్పుడప్పుడు వెళతాను. భయం పూర్తిగా పోలేదు. బస్సులో వస్తుంది, నా పక్కన కూర్చుంటుంది, ఒక్కోసారి నా స్టాపు కంటే ముందే దిగిపోతుంది. మధ్యాహ్నం ఇంటికి ఫోన్ చేస్తే పాప ఏం తిన్నదని అడుగుతాను, అంతే.

నాలాంటివాళ్లకు ఒక్కటే చెబుతాను. థెరపీకి వెళ్లేటప్పుడు, మీరు రోజూ ఎవరిని అడిగి ధైర్యం తెచ్చుకుంటున్నారో వాళ్లను ఒక్కసారైనా వెంట తీసుకెళ్లండి. ‘ఏమీ కాదు’ అని ఎవరైనా అంటారు. ఆ మాట అనకుండా పక్కన కూర్చోవడం మాత్రం నేర్చుకోవాలి. మా అత్త అరవై దాటాక నేర్చుకుంది.