పసుపు కింద పంటిగుంట

డెబ్బైల్లో వరంగల్ కాలేజీలో మాకు జియాలజీ చెప్పిన సారు, ఏ రాయినైనా కళ్లు మూసుకుని బొటనవేలితో తడిమేవారు. "జర ఆగు బిడ్డా, దాన్ని చెప్పనియ్యి" అనేవారు.

ములుగు దగ్గర ఒక ఊళ్లో అమ్మవారిగా కొలిచే రాయి మొసలి దవడ శిలాజమని గుర్తుపట్టి, ఊరివాళ్లను అడిగి తెచ్చారు. వాళ్లు పూసిన పసుపు కడగడానికి ఆయనకు మనసొప్పలేదు. అలాగే పంటిగుంటలు లెక్కపెట్టి, తెలిసిన జాతికన్నా ఒకటి తక్కువ ఉండడంతో, ఎవరూ ఎరగని కొత్త జాతి అని వ్యాసం రాసి, పత్రికకు పంపడానికి కవరు అంటించారు.

ఆ మధ్యాహ్నం కిటికీలోంచి వానజల్లు దవడ మీద పడింది. పసుపు కరిగి, ఇంకో గుంట బయటపడింది. అంటే అది ఎప్పుడో పేరు పెట్టిన జాతే. నేను సారుకు ఆ గుంట చూపించాను.

సారు కళ్లు మూసుకుని, ఆ గుంటలో వేలు పెట్టి తడిమారు. తర్వాత కవరు చింపేసి, పసుపంటిన వేలితో దవడను నిమిరారు.

"మంచిగైంది బిడ్డా. ఇది ఒంటిది కాదు, దీనికి చుట్టాలున్నరు."