మూడు రోజుల పసుపు

ఎండుచేపల తట్టతో మార్కండి నుంచి ఛత్రపురం సంతకు నడిచే కాసమ్మ, దారిలో పెళ్లి మేళం వినబడితే ఆగిపోతుంది. ఒక చెయ్యి తట్టను పట్టుకుంటే రెండోది బోసి మెడను తడుముకుంటుంది. ఆమె పెళ్లి రంగూన్‌లో, బియ్యం మిల్లు పాకల వెనక, అయినవాళ్లెవరూ లేకుండా జరిగింది. నాలుగేళ్లకు మొగుడు మసేను ఇంకో ఆడదాన్ని చేరదీశాడు. గంజాం ఒరిస్సాలో కలిసిన ఏడాది మొగుడూ పెళ్లాలిద్దరూ ఊరికొచ్చినప్పుడు, ఆకు చించి తమను విడదీయమని కాసమ్మే కులపెద్దల్ని అడిగింది. "మేం సూడని పెళ్లిని మేమెలగ తెంపుతాం పిల్లా? ముందు మా ఎదర తాడు కట్టించుకో, తరవాత ఆకు సింపుదాం" అన్నాడు పెద్ద జగ్గన్న.

మర్నాడు పొద్దున్నే తల్లి ఎర్రమ్మ కూతురికి నలుగు పెట్టి, పాదాలకు పసుపు రాసింది. "నా సేత్తో రాయనేదని ఇన్నేళ్లూ ఏడిసేను గదే" అంది. కాసమ్మ రెండో పాదం చాపింది. మసేను తాడు కట్టాడు. ఎండెక్కకముందే పెద్దలు దాన్ని తెంపించి, తమలపాకు చించి, చెరో ముక్క ఇద్దరి చేతుల్లో పెట్టారు. ఆ సాయంత్రమే అతను గోపాలపూర్‌లో మళ్లీ రంగూన్ ఓడెక్కాడు. కాసమ్మ మర్నాడే తట్ట ఎత్తుకుంది. కాని మూడు రోజులపాటు, పాదాల పసుపు పోకుండా, సముద్రపొడ్డున అల అందని ఇసుకలోనే నడిచింది.